సంఖ్య జాతకం – 5వ పాఠం: కలియుగం లెక్క 4,32,000

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని గుర్తుందిగా? 17,28,000ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టమన్నాను. ముందు ఆ జవాబు సరిచూసుకుని, తర్వాత ముందుకు వెళ్దాం.

చివర మూడు సున్నాలున్నాయి కాబట్టి 1000 అందులో ఉంది. 1000 అంటే 2³ × 5³. దాన్ని పక్కన పెడితే మిగిలింది 1728. రెండుతో భాగిస్తూ పోండి: 864, 432, 216, 108, 54, 27. ఆరుసార్లు తెగింది. 27 అంటే 3³. మొత్తం కలిపితే:

17,28,000 = 2⁹ × 3³ × 5³

రెండుల దగ్గర 6 మాత్రమే రాసినవాళ్లు వెయ్యిలో ఉన్న మూడు రెండుల్ని మర్చిపోయారు. సున్నాలు తీసేసి పక్కన పెట్టినప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పక్కన పెట్టినవాటిని చివర్లో లెక్కలోకి తెచ్చుకోవాలి. ఈ 9, 3, 3 అన్న ఘాతాంకాల్ని కాగితం మూల రాసి ఉంచుకోండి, తర్వాత వాటితో పనుంది.

ఇప్పుడు ఈరోజు సంఖ్య. వ్రతానికో, గృహప్రవేశానికో పీటల మీద కూర్చున్నవాళ్లందరికీ "కలియుగే ప్రథమ పాదే" అన్న మాట తెలుసు. సంకల్పంలో మనం ఎక్కడున్నామో చెప్పుకుంటూ, ఏ కాలంలో ఉన్నామో కూడా చెప్పుకుంటాం. ఆ కలియుగం మొత్తం 4,32,000 సంవత్సరాలు. అందులో ఒక పాదం అంటే నాలుగో వంతు, 1,08,000. మనం దాటింది ఐదు వేల చిల్లర. కాబట్టి ప్రథమ పాదమే.

మా ఇంట్లో ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరూ రాశిఫలాలు, ఆదాయ వ్యయాలు చూసుకునేవాళ్లు. నేను మాత్రం ముందు పేజీల్లో ఉండే యుగాల లెక్క చూసేవాణ్ణి. అంత పెద్ద సంఖ్యలు చిన్నప్పుడు నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఆ పట్టిక ఇదీ:

కృతయుగం – 17,28,000
త్రేతాయుగం – 12,96,000
ద్వాపరయుగం – 8,64,000
కలియుగం – 4,32,000

నాలుగూ కలిపితే 43,20,000, ఒక మహాయుగం. కలిని ప్రమాణంగా పెట్టుకుంటే ద్వాపరం దానికి రెట్టింపు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. అంటే పోయినసారి మీరు ఇంటిపనిలో విడగొట్టింది కృతయుగాన్నే.

ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒకటే: ఒక పెద్ద సంఖ్యని ఒక్కసారి విడగొట్టాక, మళ్లీ భాగహారం జోలికి పోకుండా, ఆ ఘాతాంకాల్ని చూసి దాని గుణాలన్నీ చెప్పగలగడం. జాతకచక్రం వేయడానికే కష్టపడాలి, వేశాక చదువుకోవడమే.

కలియుగాన్ని విడగొట్టడానికి కొత్త శ్రమ కూడా అక్కర్లేదు. కృతయుగం కలికి నాలుగింతలు. నాలుగు అంటే 2². కృతయుగంలో తొమ్మిది రెండులున్నాయి కాబట్టి కలిలో ఏడుంటాయి. మూడులు, ఐదులు మారవు.

4,32,000 = 2⁷ × 3³ × 5³

సరిచూసుకోండి: 128 × 27 = 3456. దాన్ని 125తో గుణిస్తే 4,32,000. సరిపోయింది. 7, 3, 3. ఇకనుంచి మనం చూసేది ఈ మూడు అంకెల్నే.

కారణాంకాలు ఎన్ని?

4,32,000ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్నున్నాయి? ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే పొద్దుగూకుతుంది. దానికి బదులు ఒక కాగితం తీసుకోండి. రెండుల్ని కాసేపు మర్చిపోయి, మూడులు ఐదులతో మాత్రమే ఒక గళ్ల పట్టిక గీయండి. అడ్డంగా 1, 5, 25, 125. కిందికి 1, 3, 9, 27. ప్రతి గడిలో ఆ రెండింటి లబ్ధం రాయండి.

1, 5, 25, 125
3, 15, 75, 375
9, 45, 225, 1125
27, 135, 675, 3375

పదహారు గళ్లు. ఇవన్నీ 4,32,000కి బేసి కారణాంకాలు, ఇవి తప్ప ఇంకో బేసి కారణాంకం లేదు. మిగతావన్నీ వీటిలో ఒక్కోదాన్ని రెట్టింపు చేస్తూ పోతే వచ్చేవే. ఉదాహరణకి 15 గడి తీసుకోండి: 15, 30, 60, 120, 240, 480, 960, 1920. అక్కడితో ఆగాలి, ఎందుకంటే ఏడు రెండులూ అయిపోయాయి. ఒక్క గడి నుంచి ఎనిమిది కారణాంకాలు వచ్చాయి. పదహారు గళ్లు, గడికి ఎనిమిది: మొత్తం 128.

సూత్రంగా రాస్తే (7+1) × (3+1) × (3+1) = 8 × 4 × 4 = 128. ఈ "+1" దగ్గర చాలామంది తడబడతారు. 7 × 3 × 3 = 63 అని రాసేస్తారు. రెండుల్లో ఏడు తీసుకోవచ్చు, ఆరు తీసుకోవచ్చు, అసలు ఒక్కటీ తీసుకోకపోవచ్చు. ఆ "ఒక్కటీ తీసుకోకపోవడం" కూడా ఒక ఎంపికే కాబట్టి ఒకటి కలుపుతాం. పట్టికలో మొదటి అడ్డువరుస, మొదటి నిలువువరుస అవే. అవి లేకపోతే 1, 3, 5, 25 లాంటివన్నీ జారిపోతాయి. సూత్రం బట్టీ పట్టేకంటే ఒక్కసారి ఆ గళ్లు గీస్తే జన్మలో మర్చిపోరు. నమ్మకం కుదరకపోతే 12తో చేసి చూడండి: 2² × 3, అంటే 3 × 2 = 6. వేళ్ల మీద లెక్కపెట్టినా 1, 2, 3, 4, 6, 12. ఆరే.

128 కారణాంకాలంటే 64 జతలు. ప్రతి జతలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, రెండింటి లబ్ధం 4,32,000. అన్నిటికంటే దగ్గర దగ్గరగా ఉన్న జత ఏది? 4,32,000 వర్గమూలం 657 చిల్లర. కాబట్టి దానికి కాస్త అటూ ఇటూగా వెతకాలి. 657 నుంచి కిందికి దిగుతుంటే రెండు, మూడు, ఐదులతో మాత్రమే తయారైన మొదటి సంఖ్య 648. కానీ 648లో మూడులు నాలుగున్నాయి, మనకున్నవి మూడే. కుదరదు. ఇంకా దిగితే 640, అంటే 2⁷ × 5. ఇది కుదురుతుంది. దీని జంట 675, అంటే 3³ × 5². గుణించి చూడండి: 640 × 675 = 4,32,000. 640కి, 675కి మధ్యలో 4,32,000ని భాగించే సంఖ్య ఇంకొక్కటీ లేదు. ఈ వెతుకులాట మీరు సొంతంగా ఒకసారి చేయండి. ఘాతాంకాల్ని చూసి "ఇది పట్టదు, ఇది పడుతుంది" అని చెప్పే అలవాటు దీంతోనే వస్తుంది.

కారణాంకాల మొత్తం

అదే పట్టిక ఇక్కడా పనికొస్తుంది. మొదటి వరుస కూడండి: 1 + 5 + 25 + 125 = 156. రెండో వరుస దానికి మూడింతలు, 468. మూడోది 1404. నాలుగోది 4212. మొత్తం 6240. ఇదే 40 × 156 అని కూడా రాయొచ్చు, ఎందుకంటే 1 + 3 + 9 + 27 = 40. ఇప్పుడు రెండులు: 1 + 2 + 4 + … + 128 = 255. కాబట్టి 128 కారణాంకాలూ కలిపితే 255 × 6240 = 15,91,200.

ఇందులోంచి ఆ సంఖ్యని తీసేస్తే 11,59,200. అంటే తనకంటే చిన్నవైన కారణాంకాలన్నీ కలిసి తనకి రెండున్నర రెట్లకు పైగా ఉన్నాయి. ఇలా తనకంటే చిన్నవైన కారణాంకాల మొత్తం తనని మించిపోయే సంఖ్యని సమృద్ధ సంఖ్య అంటాం. సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య, 6, 28 లాంటివి. తక్కువైతే లోప సంఖ్య. 4,32,000 సమృద్ధమే కాదు, బాగా సమృద్ధం.

ఇక్కడ పక్కదారి అనిపించినా ఒక మాట చెప్పాలి. 120ని తీసుకోండి: 2³ × 3 × 5. దాని కారణాంకాలన్నీ కలిపితే 15 × 4 × 6 = 360. సరిగ్గా తనకి మూడింతలు! 120 మనకి ఇంకాసేపట్లో మళ్లీ కనపడుతుంది.

వర్గమా, ఘనమా?

ఒక సంఖ్య పరిపూర్ణ వర్గం కావాలంటే ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలై ఉండాలి. 7, 3, 3 మూడూ బేసి. కాబట్టి వర్గం కాదు. ఘనం కావాలంటే అన్నీ 3తో తెగాలి. 3, 3 తెగుతాయి, 7 తెగదు. ఒక్క రెండు అడ్డుపడింది.

ఆ అడ్డాన్ని రెండు విధాలుగా తొలగించొచ్చు. ఒక రెండు తీసేస్తే 2⁶ × 3³ × 5³, అంటే 2,16,000. ఇది 60 × 60 × 60. లేదా ఇంకో రెండు రెండులు చేరిస్తే 2⁹ × 3³ × 5³. కాగితం మూల రాసుకున్న 9, 3, 3 చూడండి. అది కృతయుగం! 17,28,000 = 120 × 120 × 120.

నాకు ఈ లెక్కలన్నిటిలో మనసుకు దగ్గరైనది ఇదే. కలియుగాన్ని సగం చేస్తే 60 ఘనం. నాలుగింతలు చేస్తే 120 ఘనం. కలియుగం రెండు సమాన ఘనాల మొత్తం: 60³ + 60³. కృతయుగం నాలుగు యుగాల్లో ఒక్కటే సంపూర్ణంగా ఒక ఘనం. ధర్మం నాలుగు పాదాల మీద నడిచిన యుగమని చెప్పుకునేది దాన్నే. పురాణం రాసినవాళ్లు ఘనమూలం చూసుకుని రాశారని నేను అనడం లేదు. నాలుగు, మూడు, రెండు, ఒకటి అన్న నిష్పత్తి పెట్టుకోవడం వల్ల లెక్క అలా కూర్చుంది. కూర్చున్న తీరు మాత్రం చూడముచ్చటగా ఉంది.

వర్గం సంగతి కూడా పూర్తి చేద్దాం. 4,32,000లో ఇమిడే అతి పెద్ద వర్గం 2⁶ × 3² × 5² = 14,400. ఇది 120 వర్గం. మిగిలేది 2 × 3 × 5 = 30. కాబట్టి 4,32,000 = 30 × 120². దాన్ని 30తో గుణిస్తే 1,29,60,000, అది 3600 వర్గం. ఎటు తిప్పినా 30, 60, 120, 3600 వస్తున్నాయి కదా? దాని కారణం కిందకి చెబుతాను.

బలమున్నా పూర్తి కానిది

7, 3, 3లో ఇంకోటి గమనించండి. ఒక్కటీ 1 కాదు. అంటే 4,32,000ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా, దాని వర్గం కూడా భాగిస్తుంది. 2 భాగిస్తే 4 కూడా, 3 భాగిస్తే 9 కూడా, 5 భాగిస్తే 25 కూడా. ఇలాంటివాటిని బలమైన సంఖ్యలు అంటారు. వర్గాలు, ఘనాలు అన్నీ బలమైనవే. కానీ బలమైనదై ఉండి కూడా ఏ సంఖ్యకీ వర్గమూ ఘనమూ ఇంకే ఘాతమూ కానివి కొన్నుంటాయి. వాటికి గ్రీకు వీరుడు అకిలీస్ పేరు పెట్టారు. ఒళ్లంతా బలం, మడమ దగ్గర మాత్రం లోపం. అకిలీస్ సంఖ్యల్లో మొదటిది 72, రెండోది 108. అవును, అష్టోత్తరంలోని 108.

గుర్తుపట్టే పద్ధతి: ఘాతాంకాలన్నీ 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, వాటి గరిష్ఠ సామాన్య భాజకం 1 అవ్వాలి. కలి 7, 3, 3: అకిలీస్. ద్వాపరం 2⁸ × 3³ × 5³, కాబట్టి 8, 3, 3: అదీ అకిలీసే. త్రేత 7, 4, 3: అదీ అంతే. కృతం 9, 3, 3: గ.సా.భా 3, కాబట్టి అది పూర్తి ఘనం, అకిలీస్ కాదు.

2, 3, 5 మాత్రమే ఎందుకు?

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. నాలుగు యుగాల్లోనూ 2, 3, 5 తప్ప ఇంకో ప్రధాన సంఖ్య లేదు. 4,32,000ని 7తో భాగిస్తే శేషం 2 మిగులుతుంది. 11, 13 కూడా తెగవు. ఇది యాదృచ్ఛికం కాదు. సూర్యసిద్ధాంతం లెక్క ప్రకారం మహాయుగం 12,000 దివ్య సంవత్సరాలు. ఒక దివ్య సంవత్సరం మన 360 సంవత్సరాలు. కలియుగం అందులో పదో వంతు: 1200 × 360. పన్నెండు నెలలు, నెలకి ముప్పై రోజులు, పదుల్లో లెక్కపెట్టే చేతివేళ్లు. వీటన్నిటిలో ఉన్నవి రెండులు, మూడులు, ఐదులే. వాటినే గుణిస్తూ పోతే ఏడు ఎక్కడి నుంచి వస్తుంది?

60 మీద లెక్కలు కట్టిన బాబిలోనియావాళ్ల దగ్గరా ఇదే సంఖ్య ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోనియా పూజారి గ్రీకులో తమ దేశ చరిత్ర రాస్తూ, జలప్రళయానికి ముందు పదిమంది రాజులు మొత్తం 120 సార్‌లు ఏలారని చెప్పాడు. సార్ అంటే 3600 ఏళ్లు. 120 × 3600 ఎంతో చేయండి. 4,32,000. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న వాదనలోకి నేను పోను. ఈ పాఠానికి కావలసింది ఇదీ: 60 ఆధారంగా రాస్తే 4,32,000 అంటే "2" పక్కన మూడు సున్నాలు. మనకి రెండు వేలు ఎంత తేలికో వాళ్లకి అది అంత తేలిక.

2, 3, 5 మాత్రమే ఉన్న సంఖ్యతో భాగించడం ఆ పద్ధతిలో ఎప్పుడూ శేషం లేకుండా ముగుస్తుంది. మన దశాంశాల్లో అలా కాదు. 1ని 432తో భాగించి చూడండి: 0.0023148148148… ఆ 148 ఎప్పటికీ ఆగదు. అందులో మూడులు ఉండటమే కారణం. పదిలో 2, 5 ఉన్నాయి గానీ 3 లేదు. అరవైలో మూడూ ఉన్నాయి.

ఆర్యభటుడు కూడా కలియుగం మొదలై "అరవై అరవైలు" గడిచాయని, అప్పటికి తనకి ఇరవై మూడేళ్లని చెప్పుకున్నాడు. 60 × 60 = 3600. క్రీ.పూ. 3102 నుంచి లెక్కపెడితే అది క్రీ.శ. 499. అయితే ఆయన 4:3:2:1 నిష్పత్తి ఒప్పుకోలేదు. మహాయుగాన్ని నాలుగు సమాన భాగాలు చేశాడు, ఒక్కోటి 10,80,000. స్మృతుల మాట కాదన్నాడని బ్రహ్మగుప్తుడు ఆయన్ని గట్టిగానే తప్పుపట్టాడు.

ఇంకో రెండు

అంకెల మొత్తం 4 + 3 + 2 = 9. 4,32,000ని 9 భాగిస్తుంది, 48,000 వస్తుంది. ఇలా తన అంకెల మొత్తంతో తెగే సంఖ్యకి హర్షద్ సంఖ్య అని పేరుపెట్టింది నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్. సరదా గుణమే గానీ ఇది సంఖ్య గుణం కంటే మనం రాసే పద్ధతి గుణం. పదుల్లో కాకుండా ఇంకోలా రాస్తే అంకెలు మారిపోతాయి. 7, 3, 3 మాత్రం ఎలా రాసినా మారవు. అందుకే నేను వాటికే ఎక్కువ విలువిస్తాను.

రెండోది. 128 కారణాంకాలంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ తనకంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పరిశోధన వ్యాసం అచ్చువేశారు. ఆ వరసలో మన కలియుగం లేదు. 3,32,640ని చూడండి: 2⁵ × 3³ × 5 × 7 × 11. మన సంఖ్యకంటే లక్ష దాకా తక్కువ, కారణాంకాలు మాత్రం 6 × 4 × 2 × 2 × 2 = 192. అంతెందుకు, 83,160 కూడా 128 సాధిస్తుంది. ఎలా? ఉన్న ఐదునే మూడుసార్లు వాడితే ఆ భాగం నాలుగింతలు ఇస్తుంది, దానికయ్యే ఖర్చు 125. ఒక్క ఐదు, ఒక్క ఏడు పెడితే అదే నాలుగింతలు, ఖర్చు 35 మాత్రమే. ఉన్నదాన్నే పదేపదే వాడేకంటే కొత్త ప్రధాన సంఖ్యని తెచ్చుకోవడం లాభం. 4,32,000కి లేనిది ఏడు, పదకొండు.

ఇంటిపని

1. ఆర్యభటుడి యుగపాదం 10,80,000ని విడగొట్టి, ఎన్ని కారణాంకాలో చెప్పండి. అది అకిలీస్ సంఖ్యేనా?

2. ఒక కల్పం 432 కోట్ల సంవత్సరాలు, అంటే వెయ్యి మహాయుగాలు. దాని ఘాతాంకాలు రాయండి. ఏ చిన్న సంఖ్యతో గుణిస్తే అది వర్గమవుతుంది, దేనితో గుణిస్తే ఘనమవుతుంది? భాగహారం చేయకుండా, 43,20,000 నుంచి నేరుగా రాయడానికి ప్రయత్నించండి.

3. 4,32,000 కారణాంకాల్లో వర్గ సంఖ్యలు ఎన్ని? పదహారు గళ్ల పట్టికలో ముందు 1, 9, 25, 225 గళ్లకి సున్నా చుట్టండి. తర్వాత రెండుల సంగతి ఆలోచించండి.

4. కాస్త కష్టమైనది. 1 నుంచి 4,32,000 వరకు ఉన్న సంఖ్యల్లో దానితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? 30 దాకా మాత్రమే లెక్కపెట్టి చూడండి: 1, 7, 11, 13… ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిదితో మొత్తానికి ఎలా వెళ్లాలో 6వ పాఠంలో చేద్దాం.